చుక్క

రిషిరి దీవిలో ఆ వారం సూర్యుడు సెలవు పెట్టాడు.
ఒడ్డున గులకరాళ్ల మీద పరిచిన కొంబు నాచు
తడిసిన తోలు బెల్టుల్లా అలాగే పడి ఉంది.
ఆరబెట్టే యంత్రమేమో
సరిగ్గా ఆ వారమే చూసుకుని మూగబోయింది.

షిరాతోరి గారి ఫోను:
"అమ్మాయ్, ఆ కంట్రోలు బోర్డు సర్క్యూట్ బొమ్మ పంపుతావా?
ఫ్యాక్సు చాలు. నా కళ్లజోడుదీ దానిదీ ఒకే వయసు."

అసహికావాలో, మూడో అంతస్తులో,
ఒక చేత్తో అన్నం డబ్బా మూత తీస్తూ
రెండో చేత్తో తెరని ఉన్నదున్నట్టు పట్టి పంపేశాను.
నల్లటి నేపథ్యం, పచ్చటి తీగలు,
వెనకాల గళ్లు గళ్లుగా గ్రిడ్డు.
నా తెర మీద అది నగల దుకాణం.
అవతల, కాగితం మీద,
నల్ల మడుగులో తెల్ల పురుగులు.

R17 పక్కన నేను పెట్టింది 4.7k.
దారిలో చుక్క రాలిపోయింది.
ఆయన చదివింది 47k.
చదివినదాన్ని తు.చ. తప్పకుండా అతికారు.

రాత్రి రెండింటికి యంత్రం బతికింది.
తెల్లారేసరికి మూడు ఇళ్లవాళ్ల నాచు
పట్టుకుంటే పొడుం.

తిట్టలేదాయన. తిడితే బాగుండేది.
"తీగలు కలిసిన చోట నువ్వు పెట్టింది
చుక్కా, ఈగ రెట్టా?" అని మాత్రం అడిగారు.
"కలిశాయో, ఒకదాని మీంచి ఒకటి దాటిపోయాయో చెప్పు.
మనుషుల సంగతైతే ఊహిస్తాను గానీ
తీగల సంగతి ఊహించను."
పొగమంచు చుక్కల్ని మింగడం ఆ దీవికి కొత్త కాదు.
కాకపోతే అవి ఆకాశానివి.

మా రాతలో 'పెద్ద' అన్న అక్షరం భుజం మీద
ఒక చుక్క వాలితే 'కుక్క'.
అదే చుక్క కాళ్ల మధ్యకి జారితే 'లావు'.
ఒకటో తరగతిలో ఎర్ర సిరా దెబ్బలు తిని నేర్చుకున్నాను.
ముప్పై ఏళ్ల తర్వాత
ఆ పాఠానికి ఫీజు మూడు ఇళ్లవాళ్లు కట్టారు.

ఆ సాయంత్రం ఇంటికి పోలేదు.
నలుపుని తెలుపు చేశాను.
గ్రిడ్డు తీసేశాను, అది నాకు ఊతం, ఆయనకి అడ్డం.
రంగులన్నీ ఒలిచి ఒక్క నలుపే మిగిల్చాను.
జేపెగ్‌ని పెద్దది చేసి చూస్తే
ప్రతి గీత చుట్టూ బూడిదరంగు దోమలు.
దాన్ని వదిలి, గీతని గీతగానే దాచే
పీడీఎఫ్‌లోకి పంపాను.
ఎంత దగ్గరికి పోయినా అంచు బ్లేడులా ఉంది.
ఓమ్ గుర్తు మాత్రం ఖాళీ డబ్బా అయి కూర్చుంది.
ఫాంటుని ఫైల్లోనే మూటగట్టి మళ్లీ.
అంతా ఒకే పేజీలో కుక్కడం మాని
నాలుగు పేజీలుగా కోసి మళ్లీ.
అచ్చు తీసి, మా ఆఫీసు ఫ్యాక్సులోంచి
నాకు నేనే పంపుకున్నాను.

చుక్క మళ్లీ పోయింది.

పట్టపగలు చుక్కలు చూపిస్తారంటారు కదా,
రాత్రి పదకొండింటికి నాకు ఒక్కటీ కనపడలేదు.

అప్పుడు తట్టింది,
పాత మెకానిక్కులు చుక్కని నమ్మరని.
అది ఉండాల్సిన చోట k ని కూర్చోబెడతారు: 4k7.
పోతే మొత్తం పోతుంది గానీ
అబద్ధం చెప్పదు.
అరవై రెండు రెసిస్టర్లు.
ఒక్కొక్కదాన్నీ తెరిచి, మార్చి, మూసి,
నలభయ్యో దాని దగ్గర టీ కింద పోసుకుని,
తుడిచి, మళ్లీ.

ఆగస్టు చివర్లో పార్సెలు వచ్చింది.
మంచి నాచు, పైన తెల్లటి ఉప్పు పూత.
చుట్టిన కాగితం నా మొదటి బొమ్మే,
ఆ నల్ల మడుగే.
ఉత్తరం ఉందేమోనని తిరగేశాను. లేదు.
వెనకవైపు ఒకచోట కాగితం ఉబ్బి ఉంది.
R17 దగ్గర
ఆయన పెన్సిలుతో గట్టిగా నొక్కిన చుక్క.
నలుపు మీద పెన్సిలు కనపడదు.
దీపం ఆర్పేశాక కూడా
వేలికి తగులుతోంది.