గోడకి ఇవతల

డ్రయ్యర్లు రెండు. ఒకటి మూలుగుతుంది, ఒకటి తిరగదు.
వాటి వెనక గోడ పల్చన.
అవతల మేనేజర్ గది.
జులై ఆఖరి వారం, ఒహాయోలో గాలి
తడి తువ్వాలులా మెడకి చుట్టుకునే రోజులు.
ట్రేడ్ గడువు ముగిసేదాకా
పిల్లల్ని తూకం వేస్తూనే ఉంటారు.

"పెగేరోని ఇస్తే ఆ ఎడంచేతి పిచర్ వస్తాడు."
"పెగేరోనా! పంతొమ్మిదేళ్ళు వాడికి.
మూడేళ్ళాగు, సెంటర్‌ఫీల్డ్ మొత్తం వాడి జేబులో ఉంటుంది."
"మూడేళ్ళకి నేనే ఉండను ఈ కుర్చీలో."
నవ్వులు. కుర్చీ కిర్రుమంది.
మెర్విన్ హాస్, నలభై ఏళ్ళ పొగాకు గొంతు:
"వాడు పరిగెత్తినట్టు గడ్డికి కూడా తెలీదు."
నైల్స్, లాప్‌టాప్ కుర్రాడు:
"కర్వ్‌బాల్ వచ్చినట్టు వాడి బ్యాట్‌కీ తెలీదు.
నూటికి ముప్పై ఒక్కసారి గాలినే కొడుతున్నాడు."
గేదె ఇంకా మడుగులోనే ఉంది.
ఒడ్డున బేరం.
ఒకడు కొమ్ములు లెక్కపెడతాడు,
ఒకడు అప్పుడే పాలు పితికేస్తున్నాడు.

నన్నెవరూ అడగరు. అడిగితే చెబుదును.
ఇరవై రెండేళ్ళుగా ఈ ప్యాంట్లు ఉతుకుతున్నదాన్ని.
పెగేరోకి పచ్చమరక ఎప్పుడూ ఎడం పక్కనే.
కుడివైపు దూకడు.
కిందటేడు గోడకి గుద్దుకున్న భుజం
ఇంకా వాడితో మాట్లాడుతోంది.
ఈ సంగతి ఏ పట్టికలోనూ లేదు.

కోల్బీ స్ట్రాండ్, నెబ్రాస్కా పిల్లాడు.
మోకాళ్ళు, మోచేతులు, ఛాతీ, అన్నిటా మరకే.
ఒకసారి వీపు మీద కూడా.
వీపుకి గడ్డి ఎలా అంటిందిరా అంటే
వాడే చెప్పలేకపోయాడు.
ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ లెక్కలో ముసలాడు.
బంతి వాడి చేతిలోంచి
రెండో బేస్ దాకా వచ్చేసరికి
అలిసిపోయి ఉంటుంది పాపం.

పెగేరో జేబులో డబ్బులుండవు, చీటీలుంటాయి.
ఇంగ్లీషు మాటలు, తన ఊరి అక్షరాల్లో.
'ఉప్పు ఇటివ్వు.' 'తల తిరుగుతోంది.' 'ఇంకో దుప్పటి ఉందా.'
మొదట్లో నా ముందు నిలబడి
ఒక్క మాటే వంద సార్లు అరిచేవాడు:
"నాది! నాది!"
ఎగిరిన బంతి కింద ఇద్దరు ఢీకొనకుండా
అరవాల్సిన మాట అది.
ఇంకా గట్టిగా, అనేదాన్ని సబ్బు కలుపుతూ.
నాది అనడానికి సిగ్గుపడేవాడు.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది.
హాస్ గొంతు తగ్గింది, గోడకి చెవి పెట్టాను, తప్పేం లేదు.
"ముందు స్ట్రాండ్ సంగతి చూడండి,
వాడూ, ఇంకో పిచర్ పిల్లాడూ..."
అవతల ఊరివాళ్ళు ఏమన్నారో వినబడలేదు.
హాస్ అన్నది వినబడింది:
"సరే సరే. పోనీ పెగేరో మీద
కొసరుగానైనా తీసుకోండి స్ట్రాండ్‌ని."
మళ్ళీ నిశ్శబ్దం.
"సరే. పెగేరో ఒక్కడే."

నలభై నిమిషాలు ఇచ్చారు సర్దుకోడానికి.
లాకర్ మీద పేరు రాసిన టేపు
నైల్స్ పీకాడు, గోటితో, జాగ్రత్తగా,
జిగురు మిగలకుండా.
పెగేరో ఇటు వచ్చి నన్ను వాటేసుకుని
చెప్పదలచినదానికి చీటీ వెతుక్కున్నాడు.
ఆ ప్యాంటు అప్పటికే నీళ్ళలో ఉంది.

రాత్రి ఆట అయ్యాక స్ట్రాండ్ వచ్చాడు.
ఇవాళ సెంటర్‌ఫీల్డ్ వాడిదే,
గడ్డం కింద కూడా పచ్చమరక.
సాక్సులు విప్పి బుట్టలో వేశాడు, వెళ్ళలేదు.
పెగేరో చొక్కా తీసి వంకరగా మడత పెట్టాడు.
మళ్ళీ విప్పాడు.
"లోరెట్టా, వాళ్ళు నన్నేమైనా అడిగారా?
నా పేరేమైనా వచ్చిందా?"

"ఈ డ్రయ్యర్ల మోతలో
నాకేం వినబడుతుంది నాయనా" అన్నాను.

అప్పుడు రెండూ ఆగే ఉన్నాయి.
వాడు వాటివైపు చూశాడు.