సవరణ

మినిట్స్ రాయడం నా పని.
గంటలు గడుస్తాయి, రాసేది మినిట్సే.

ఫిబ్రవరి. యూకాన్. సున్నాకి కింద ముప్పై నాలుగు.
హాలు బయట బళ్ళన్నీ ఇంజన్లు ఆపకుండా
తమలో తాము గొణుక్కుంటున్నాయి.
లోపల మడత కుర్చీలు, మాడిన కాఫీ,
బూట్ల కింద కరిగి మడుగు కట్టిన మంచు.
తెర మీద ఒక అంకె:
అడవి దున్నలు పదకొండు వందల ముప్పై.
దాని కింద ఇంకొకటి:
వేట పర్మిట్లు తొంభై నుంచి నూట నలభైకి.
"మీరేమంటారు?" అని అడిగింది ప్రభుత్వం,
మారెన్ అనే సన్నపాటి అమ్మాయి గొంతుతో.

ముందు ఊల్రిఖ్ లేచాడు.
ఎండుగడ్డి మోపులు నలభై, కంచె మూడుసార్లు,
నవంబరు చీకట్లో బండి ముందుభాగం మొత్తం.
"బీమావాళ్ళు అడిగారు, ఆ దున్న ఎవరిదని.
ఎవరిదో ఈ రాత్రి తేల్చండి,
బిల్లు వాళ్ళకే పంపుతాను."
హాలంతా నవ్వింది. అతను నవ్వలేదు.
నేను రాశాను: ఆస్తి నష్టాన్ని ఒకరు ప్రస్తావించారు.

డారెల్‌కి పర్మిట్లు ఇంకా కావాలి.
అతని తమ్ముడికి అసలు స్నోమొబైళ్ళే వద్దు:
"తరిమి తరిమి కాల్చేది వేట కాదు, వసూలు."
అన్నదమ్ములిద్దరూ ఒకే బండిలో వచ్చారు,
ఒకే బండిలో ఇంటికెళ్ళాలి.
అది రాయడానికి చోటు లేదు.

అప్పుడు విన్నీ ఐజాక్.
లేవలేదు. కూర్చున్నచోటి నుంచే, తన భాషలో,
పది నిమిషాలు.
ఆమె చేతులు చెప్పింది మాత్రం మాకూ తెలిసింది:
ఇదిగో ట్రక్కు, ఇదిగో తలుపు,
ఇదిగో మంచులోకి దూకినవి.
దున్నల్ని తెచ్చి వదిలిన రోజు
ఈ ఊరినెవరూ ఏమీ అడగలేదు.
తర్వాత రెండు అరచేతులూ పొట్ట కింద ఆనించి
బరువు మోస్తున్నట్టు చాలాసేపు ఆగింది.
మనవరాలు సిగ్గుపడుతూ నాలుగు మాటల్లో తేల్చేసింది:
"మార్చిలో ఆడవాటిని చంపొద్దంటోంది, అవ్వ."
మిగతా తొమ్మిదిన్నర నిమిషాలూ
హాల్లోనే ఎక్కడో ఉండిపోయాయి.
నా పెన్ను అలవాటుగా రాసింది:
కొందరు ఆందోళన వ్యక్తం చేశారు.

"నిర్ణయం ఇక్కడ జరగదు.
కానీ మీ మాటలన్నీ పైవాళ్ళకి అందుతాయి," అంది మారెన్.
అందేవి నేను రాసినవి.

మే నెలలో ఉత్తరం వచ్చింది.
పర్మిట్లు నూట పదిహేను.
సీజను మార్చి ఆఖరు దాకా, ఎప్పటిలాగే.
ఆ పాతిక ఎవరి మాటకి తగ్గిందో ఉత్తరంలో లేదు.
ఆందోళన ఖరీదు పాతిక కాబోలు.

లాటరీలో నా పేరు తగిలింది.

మార్చి రెండో వారం, వాలు మీద గాలికి ఎదురుగా
కాలితో మంచు తవ్వుకుంటూ ఒకటి.
శుభ్రమైన గుండు. నాలుగడుగులు వేసి మోకరిల్లింది.
చేతి తొడుగులు విప్పి, కత్తి తీసి, పొట్ట తెరిచాను.

ఆవిరి.
ఆ ఆవిరిలో
తడి వెంట్రుకలతో, మెత్తటి గిట్టలతో,
ఇంకా కళ్ళు తెరవని తొమ్మిదిన్నర నిమిషాలు.

నిబంధన ప్రకారం కింది దవడ పళ్ళు ఆఫీసుకి పంపాను.
ఫారంలో తేదీ ఉంది, చోటు ఉంది, ఆడో మగో ఉంది.
ఎన్ని అని అడిగినచోట
ఒకటి అని రాసి
కొట్టేసి
మళ్ళీ ఒకటే రాశాను.

విన్నీకి మాంసం పట్టుకెళ్ళాను.
ఏ భాగమో చూసింది, నా మొహం చూసింది,
టీ పెట్టింది. ఏమీ అనలేదు.

ఈసారి సమావేశం ఏప్రిల్‌లో.
అవే కుర్చీలు, ఊల్రిఖ్‌కి కొత్త బండి.
తెర మీద కొత్త అంకె, అందులో ఒకటి నాది.
"గత సమావేశపు మినిట్స్‌లో సవరణలేమైనా ఉన్నాయా?"
అలా అడగడం ఆనవాయితీ.
ఎవరూ పలకకపోవడమూ ఆనవాయితీయే.
మారెన్ అప్పటికే తర్వాతి కాగితం తిప్పబోతోంది.

పెన్ను తీసి మనవరాలి చేతిలో పెట్టాను.
"ఈసారి నువ్వు రాయి. అన్నీ రాయి."
చెయ్యెత్తాను.

వెనక వరసలో
విన్నీ ఐజాక్
గొంతు సవరించుకుంది.