రెండో బకెట్

పెద్ద ఓడలు ఈ రేవుకి రావు.
నేనొచ్చింది సరుకుల పడవలో.
గ్యాసు సిలిండర్లు, సిమెంటు బస్తాలు,
తాడు తెంపుకోవాలని చూస్తున్న ఒక మేక,
ఒళ్ళో కేకు డబ్బా పెట్టుకుని
దారి పొడుగునా కన్నార్పని ఒక పోలీసు.

"ఇక్కడ చూడ్డానికి ఏమున్నాయి?" అన్నాను
గది తాళం అందుకుంటూ.
మిస్ యునోరా ఆలోచించింది.
నిజంగానే, చాలాసేపు.
"సముద్రం ఉంది. వస్తూ చూసే ఉంటావు."
తర్వాత నా ఒళ్ళో చేట పెట్టి
కందికాయలు గుమ్మరించింది.

కందులు!
కాళ్ళకి బలపం కట్టుకుని
ఇన్ని నీళ్ళు దాటొచ్చింది
కందికాయలు ఒలవడానికా?
గోటి కింద అదే పచ్చ జిగురు,
గింజ వెనక నక్కిన అదే పురుగు.
వీళ్ళు వీటిని పావురాల బఠాణీలంటారు.
పావురం ఒక్కటీ కనబడలేదు.

క్యారియకూలో నది లేదు.
కొండ మీంచి దిగే వాగూ లేదు.
కప్పు మీద పడ్డ వానే గొట్టం వెంట దిగి
అరుగు కింది తొట్లో
చీకట్లో కూర్చుని ఉంటుంది, నెలల తరబడి.
మొన్నటి తుఫాను ఈ ఇంటి కప్పు సగం పట్టుకుపోయింది.
ఆ సగం మీద నీలం పట్టా,
రాత్రంతా ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు.
"సగం కప్పుకి సగం వానే" అంది.
అప్పటికే నేను
రెండో బకెట్ తల మీద పోసుకుని ఉన్నాను.

మూడో రోజుకి ఊరికి పాతబడ్డాను.
కుక్కలు మొరగడం మానేశాయి.
చేపల కుర్రాడు ధర తగ్గించలేదు గానీ
నా పేరు తనకి నచ్చినట్టు పిలవడం మొదలెట్టాడు.
మధ్యాహ్నాలు ఏమీ జరగలేదు.
జరగనిదాన్ని అందరం కలిసి
అరుగు మీద కూర్చుని చూశాం.

ఐదో రోజు, విండ్‌వర్డ్ ఒడ్డున,
ముసలి బాల్డ్విన్ మూడేళ్ళుగా కట్టిన పడవ.
నక్షా లేదు, కంటి కొలతే.
చెట్టుమీదున్న వంకర కొమ్మని చూసి
ఇది ఫలానా పక్కటెముక అని
అక్కడే గుర్తుపట్టేవాడట.
ముందు పోయినవాళ్ళ కోసం ఇసుకలో రమ్ము పోశారు.
మిగిలింది మాకు,
ఐస్ ముక్క వేస్తే మునిగిపోయే రమ్ము.
ఊతకర్రలు ఒక్కొక్కటే గొడ్డలితో నరికారు.
పడవ మెల్లగా ఒక పక్కకి ఒరిగింది.
ఎవరో నా చేతికి తాడిచ్చారు.

ఫోన్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు.
రెండు చేతులూ తాడుకే చాల్లేదు.
బడిపిల్లలు, నర్సు, కేకు డబ్బా పోలీసు,
అందరం ఒకే మోకుకి వేలాడుతుంటే
నా లోపల ఎక్కణ్ణించో
"హైలెస్సా!" అని ఊడిపడింది ఒక కేక.
ముందున్న పూలగౌనావిడ, వీపంతా చెమట,
వెనక్కి తిరక్కుండానే అందుకుంది.
"హై లీసా!"
వరసంతా అందుకుంది. "హై లీసా!"
పడవ కదిలింది.

నడుములోతు నీళ్ళలో నిలబడి
ఆవిడ రొప్పుతూ అడిగింది.
"ఇంతకీ లీసా ఎవరు?"
చెప్పలేకపోయాను.

ఆ రాత్రి బొబ్బలెక్కిన అరచేతుల మీద
కలబంద చీల్చి రాసింది మిస్ యునోరా.
ఎలా ఉంది అని అడగలేదు.
కందికాయలు మాత్రం ఆ పూట తనే ఒలుచుకుంది.

వెళ్ళేరోజు క్యాలెండరు కాగితం వెనక
పెన్సిలుతో బిల్లు.
గది, ఆరు రాత్రులు.
చేప, నాలుగు పూటలు.
మొదటిరోజు, రెండో బకెట్.

మూడూ కట్టాను.
పడవ రేవు దాటుతుంటే వాన అందుకుంది.
అందరూ లోపలికి పరిగెత్తారు, మేకలతో సహా.
నేను తడుస్తూ నిలబడి
కొండ వాలున ఆ సగం కప్పు ఏదో
వెతుక్కుంటున్నాను,
అక్కడ కూడా పడుతోందా అని.