ఎడంచేతి వాటం

ఆటోలో ఎనిమిదిమందిమి, ఒళ్ళో అరటిపళ్ళు.
పొదలకూరు రోడ్డు గుంతలు
వెంగమ్మక్క మాటని ముక్కలు చేస్తుండాయి:
"మీరెవురూ... అడగబాకండి...
ఎవుర్ని... కోసినావని."

ఎవురడుగుతారు?
కంతు ఒక్కరోజు ఆలస్యమైతే వీధంతా వినపడే నోళ్ళు
ఆ గేటు కాడ్నే మూతబడినాయి.

పాత బియ్యం మిల్లది. ఊక వాసన ఇంకా పోలా.
పేపర్లో బ్లేడ్ బ్యాచ్ అని
అందరూ కలిసి ఒకే పేరుగా అచ్చయిన పిల్లోళ్ళు
ఒక్కొక్కడు ఒక్కో పేరు చెప్పినాడు.
జిలానీ. ఏడుకొండలు. సామ్యేలు.
నాలుగోవోడికి మాట రాలా.
ఎడం చేత్తో కాగితం మీద రాసి చూపించినాడు,
వాసు,
కొమ్ము కాస్త ఎక్కువ తిప్పి.

కుట్టు గదిలో కత్తెర లేదు. బ్లేడు అసలే లేదు.
మరి దారం?
జిలానీ తల వంచి పళ్ళతో తెంపినాడు,
పూలు కట్టేటప్పుడు మా అమ్మ తెంపినట్టు.

మూడేళ్ళ కిందట, ఆత్మకూరు బస్టాండు,
నా సంచి అడుగు చీరేసినారు.
సంఘం డబ్బు, పదకొండువేల నాలుగొందలు.
పద్నాలుగు నెలలు కట్టినా.
గేదెని అమ్మినా. ఆ సంగతి అక్కకి కూడా తెలవదు.
యూరియా గోతం దారంతో కుట్టిన ఆ సంచే
ఈరోజు భుజానేసుకొచ్చినా.
ఎందుకని అడగబాకండి నన్ను కూడా.

బల్ల మీద పెడితే జిలానీ నవ్వినాడు,
"ఇంత లావు కుట్లేందమ్మా?"
నా కుట్లు విప్పి, కింది చీలిక మీద
వేలు పోనిచ్చినాడు, మెల్లంగా,
ఈ చివర నించి ఆ చివరకి.
నవ్వు ఆగింది.
"ఎడంచేతి వాటం," అన్నాడు
కొలత చెప్పే దర్జీ మాదిరి.
అనేసి, తలెత్తలా.

ఊళ్ళో ఎడంచేతోళ్ళు ఎంతమంది లేరు.
మా మేనకోడలు కూడా ఎడం చేత్తోనే ముగ్గేస్తది.

అక్క పళ్ళు పంచతా ఉంది.
వాసు ఎడం చెయ్యి చాపినాడు,
చప్పున వెనక్కి లాక్కున్నాడు,
కుడిచెయ్యి చాపినాడు.
పెద్దోళ్ళ ముందు మర్యాదని చాపినాడో
బల్ల మీది సంచిని చూసి చాపినాడో.

నేనిచ్చిన పండు ఒకటి కాదు, రెండు.
ఎందుకు రెండని అక్క అడగలా.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తీర్మానం రాసినా:
సంఘానికి ఇరవై సంచులు, వీళ్ళ చేతనే.
గుంతలకి అక్షరాలు ఎగిరి పడతుండాయి.
గుంతలకే.