గుల్ల విడిచిన రాత్రి

విడవలూరు సెంటర్లో మా కొట్టు.
షట్టరెత్తితే మనిషికంటే ముందు వాసన బయటికొస్తుంది,
బెల్లంలో ఈస్టు పులిసిన వాసన.
రొయ్యల మందులు అమ్ముతాను నేను.
రోజుకి నలభైసార్లు ఇవే మాటలు:
"ఇది సి విటమిన్, మేతలో కలపండి.
ఇది జింకు.
ఇది గ్లూకాన్, ఈస్టు గోడల్లోంచి తీసింది,
రోగం రాకముందే ఒంటిని లేపి కూచోబెడుతుంది."
నమ్మి కొంటారు.
నమ్మించేది నేనే.

తెల్లారుజామున మూడింటికి వేరే మనిషిని.
కాలవ కట్ట మీద రామతీర్థం వైపు,
మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఒకసారి,
ముప్పై రెండు కిలోమీటర్లు.
కుడీ ఎడమా గుంటలు,
చీకట్లో నీళ్ళు చిలుకుతున్న ఏరియేటర్లు.
వాటి దరువుకే నా అడుగు.
కరెంటు పోతే
నా ఊపిరి నాకే పెద్దగా వినబడి
భయమేస్తుంది.

పరుగైపోయాక గంటసేపు నేనే రాజుని.
మూడో రోజు మాత్రం తప్పదు:
గొంతులో ఇసక, ముక్కు కొళాయి,
వాన లేదు, మంచు లేదు, ఎండాకాలం జలుబు.
"అంత ఒళ్ళుండి ఏంరా ఇది" అంటాడు మా ఓనరు పెంచలయ్య,
జీవితంలో బస్సు కోసం కూడా పరిగెత్తనివాడు,
ఒక్కసారి తుమ్మనివాడు.

నెల్లూరు పోయి ట్రంకు రోడ్డులో డబ్బా కొన్నాను.
మూడువేల రెండొందలు.
పైన కండలు తిరిగిన ఒంటి బొమ్మ, తల లేదు,
తలకాయ తీసిన రొయ్యలా
ఎగుమతికి సిద్ధంగా ఉన్నాడు.
ఇంటికొచ్చి వెనక చిన్నక్షరాలు చదివాను.
సి విటమిన్. జింకు. గ్లూకాన్.
మళ్ళీ చదివాను.
అవే.
వాసన మాత్రం వెనిల్లా.

రెండు నెలలు తాగాను.
మూడో రోజు మూడో రోజే.

గుంట కాపలా చెంగయ్య గట్టు మీద ఆపాడు.
"ఏందబ్బయ్యా, పరిగెత్తిన పెతిసారీ మూలబడతా ఉండావు?"
చెప్పాను.
చాలాసేపు బీడీ వెలిగించుకున్నాడు.
"అమాసకి గుల్ల ఇడుస్తాది గదా రొయ్య.
అది పెరిగిన రాత్రే, గెలిచిన రాత్రే.
కానీ ఒళ్ళంతా ఎన్న.
ఏ పురుగైనా ఆ రాత్రే దూరతాది.
నువ్వమ్మే మందులు నేనూ చల్లతా, కాదన్ను.
గుల్ల గట్టిపడేది మాత్రం దాని టయానికదే.
ఆ రాత్రి గాలి ఆపకూడదు, వల ఎయ్యకూడదు,
కెలకమాక, అంతే."

కెలకమాక.
నేనేం చేసేవాణ్ణి?
పరిగెత్తొచ్చి, ఆరని తలతో,
ఖాళీ కడుపుతో, దగ్గేవాళ్ళ మధ్య నిలబడి
నెల్లూరు బస్సెక్కేవాణ్ణి, సరుకు తేవడానికి.
మెత్త రొయ్యని వలలో వేసి ఊపినట్టు.

ఇప్పుడు నడుముకి సీసా కట్టుకుంటాను:
చక్కెర, ఉప్పు, పొదలకూరు నిమ్మకాయ సగం.
మధ్యమధ్యలో గుక్క.
ఆగింది చెంగయ్య గుడిసె దగ్గర.
సద్దికూడు, ఎర్రగడ్డ, నిన్నటి చేపల పులుసు.
ఆ తర్వాత నులకమంచం.
ఫోను మోగుతుంది, పెంచలయ్యే.
మోగనీ.
నాకింకా గుల్ల రాలేదు.

మూడో రోజు జలుబు రాలేదా అంటారేమో.
వచ్చింది.
కాకపోతే ఈసారి మొహమాటపడుతూ వచ్చి
సాయంత్రానికే పోయింది.
చక్కెర నీళ్ళా, నిద్రా, పులుసా,
నాకు తెలీదు,
కొట్టులో కూచుని మాత్రం తెలిసినట్టే మాట్లాడతాను.

డబ్బాలో అడుగున కాస్త మిగిలింది.
"పారబొయ్యమాక, మూడువేలు గదా" అన్నాడు చెంగయ్య.
చెక్‌ట్రేలో ఒక చెంచా వేసి దించాం.
గంటకి పైకి లాగితే
ఖాళీ.
గట్టంతా వెనిల్లా వాసన.