చిట్టీ పాట

వారాసిగూడల, అండాళక్క ఇంటిమీది రేకుల రూము.
నెలకు అయిదువేలు, ఇరవై మంది, లచ్చ రూపాయల చిట్టీ.
దీనికి పాట అని ఎవరు పేరు పెట్టిన్రో.
రాగముండదు. ఒకరి అవుసరాన్ని
ఇంకొకరు గుంజి గుంజి శ్రుతి చేసుడే.

మాణెమ్మ మొదలుపెట్టింది: "పదిహేను."
అంటే లచ్చల పదిహేను వేలు ఒదులుకుంటనని.
ఫైనాన్సోళ్లు ఆటో గుంజుకపొయ్యి వారమైంది,
ఉప్పల్ యార్డుల ఎండకు నిలవడ్డది.
ఆ సంగతి రూములున్నోళ్లందరికీ ఎరుకే.

నాకు ఈ నెల పైసలు అక్కెర లేదు.
అయినా నోరు ఊకుండలే: "పదహారు."

ఆమె వెయ్యి ఒదిలితే నా వాటా యాభై,
సగం చీరెకు ఫాలు కుట్టినంత.

ఆమె పద్దెనిమిది. నేను పందొమ్మిది.
మనసు మస్తు తెలివిగలది,
దొంగతనానికి పోయేటప్పుడు సుత
తక్కెడ చేతిల పట్టుకొనే పోతది:
పోయినేడు పిల్ల కాలేజి ఫీజుకు నేను పాడితే
ముప్పై దాక ఎగేసింది ఇదే మాణెమ్మ కాదా?
లెక్క సరిచేస్తున్న, అంతే.

ఇరవై ఒకటి. ఇరవై రెండు.
అండాళక్క కండ్లద్దాల మీదికెల్లి నన్ను చూసింది.
ఆమె కమీషను ఎటూ మారదు,
అందుకే కావచ్చు ఆ చూపుల అంత ధర్మం.

"ఇరవై నాలుగు" అన్నది మాణెమ్మ.
నీళ్ల గ్లాసుకు చెయ్యి చాపి
మధ్యలనే ఆపింది, ఎవలన్న పాడుతరేమోనని.
"ఒకటోసారి... రెండోసారి..."
ఇంకో వెయ్యి నా నాలుక మీదనే ఉన్నది.
మింగిన. దయతోనా,
ఆమె ఆగితే చిట్టీ నా నెత్తిన పడ్తదన్న భయంతోనా,
ఇప్పటికీ తెలుస్తలేదు.

నాకు నాలుగువందల యాభై ఎక్కువొచ్చింది.
నోరు తెరవనోళ్లందరికీ గంతే వచ్చింది,
ఒక్కలు సుత నా దిక్కు చూడలే.

శ్రావణంల మాణెమ్మ రెండు జాకిట్లు తెచ్చింది,
లైనింగువి. తొమ్మిదివందల కూలి.
"అయిదువందలియ్యి" అన్న.
"ఏందే, గింత తక్కువ?"
"ఆషాఢం డిస్కౌంటు."
"ఆషాఢం పోయి పదొద్దులాయె" అని నవ్వి,
నోట్లు ఇచ్చి, మళ్లొక్కసారి లెక్కబెట్టుకొమ్మన్నది.

నాలుగువందలు అట్ల పోయినయి.
మిగిలిన యాభై
గల్లాపెట్టెల ఒక మూలకు పెట్టిన,
పాడిన గొంతుకు కూలి అనుకొని.