శెనక్కాయ బద్ద

ఫహాహీల్‌లో ఆ వారమంతా దుమ్ము.
సముద్రం కనబడలేదు. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలూ కనబడలేదు.
అందుకే దగ్గంటే దుమ్మన్నాం.
ఏసీ అన్నాం. పళ్ళొస్తున్నాయన్నాం.
దిష్టి కూడా తీశాను.
ఉప్పూ మిరపకాయలూ పెనం మీద వేస్తే అలారం మోగి
వాచ్‌మన్ మెట్లన్నీ ఎక్కి వచ్చాడు.

మూడు వారాలు. రెండు సీసాల మందు.
ఆవిరి మాస్కు చూస్తే చాలు,
పదహారు నెలల మహీధర మంచం కిందికి దూరేవాడు.
ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదన్నారు.
ఏమీ లేదంటే సంతోషించి
మిగిలిన దినార్లు లెక్కపెట్టుకుంటూ బస్సెక్కాం.

నాలుగోసారి చూసిన డాక్టరమ్మ, హనాన్ ఆమె పేరు,
మందు రాయలేదు.
స్టెతస్కోపు కుడివైపు పెట్టి, ఎడమవైపు పెట్టి,
మళ్ళీ కుడివైపు పెట్టి
అడిగింది:
ఎప్పుడైనా, ఏదైనా తింటూ, పొలమారాడా?

లేదు అనబోయాను.

గిర్గియాన్ రాత్రి.
రంజాన్ సగమయ్యాక కింది అంతస్తు పిల్లలు
జరీ గౌన్లేసుకుని, మెడలో సంచులతో పాడుకుంటూ వచ్చి
మావాడి గుప్పిట్లోనూ పోశారు
చాక్లెట్లు, పిస్తాలు, పొట్టు తీసిన శెనక్కాయలు.
వాడు నవ్వుతూ పరిగెత్తాడు.
పొలమారింది. ఎర్రటి మొహం, కళ్ళ నిండా నీళ్ళు, ఒక్క నిమిషం.
నేను మాడు మీద తట్టి
"ఎవరో తలుచుకుంటన్నార్రా, మీ జేజి కాబోలు" అన్నాను.
తగ్గిపోయింది.
తలుచుకున్నది జేజి కాదు.

దగ్గు ఆగిందంటే బయటికొచ్చిందని కాదట.
లోపలికి దిగి కుదురుకుందేమో కూడానట.
ఎక్స్‌రేకి ఎముక కనబడుతుంది, నాణెం కనబడుతుంది,
గింజ కనబడదట.

మాది తనకల్లు పక్క.
నా బడి ఫీజు శెనక్కాయ, నా కాలిపట్టీలు శెనక్కాయ,
ఓబులేసు వీసా రెండు పంటల శెనక్కాయ.
అన్నం పెట్టినదాన్ని అనుమానించడం
నాకెవరు నేర్పారు?

మత్తిచ్చి, సన్నటి గొట్టం దించి తీశారు.
సీసాలో చూపించారు: ఉబ్బి, బూడిదరంగుకి తిరిగి,
తడి దుక్కిలో మొలకెత్తబోయే విత్తనంలా,
ఒక బద్ద.
"రెండో బద్ద ఏదీ?" అన్నాడు ఓబులేసు.
డాక్టరమ్మ నవ్వలేదు. వెతికామంది, లేదంది.

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వుతారు.
గచ్చు మీద బోర్లా పడుకుని
వాడి కళ్ళెత్తు నుంచి గది చూస్తుంటాను.
సోఫా కింద బొత్తాం. రిమోట్‌లోంచి జారిన బిళ్ళ బ్యాటరీ.
ద్రాక్షపండుని నిలువునా నాలుగు చేస్తాను.
పక్కింటి గుల్జార్‌బీ, రాయచోటి మనిషి,
ఐదు అరబ్బు ఇళ్ళలో పిల్లల్ని పెంచింది,
దిండుని ఒళ్ళో బోర్లా వేసి, తలవైపు కిందికి వంచి
రెక్కల నడుమ అరచేతి మడమతో ఎలా కొట్టాలో చూపింది.
కనబడనిదాని కోసం గొంతులో వేలు పెట్టొద్దంది.
"ముందే చెప్పలేదేమక్కా?"
"తల్లివి కదా, తెలుసనుకున్నా."

మొన్న ఫోన్లో అత్త:
"దినామూ తలుచుకుంటన్నా, పిల్లోడికి పొలమారతాందా?"
బదులు చెప్పలేదు నేను.
అప్పటికే ఏసీ ఆపేసి ఉన్నాను.
జూన్ రాత్రి, ఓబులేసు చెమటలో విసుక్కుంటున్నాడు,
నేను వాడి వీపుకి చెవి ఆనించి
కుడివైపు, ఎడమవైపు,
మళ్ళీ కుడివైపు.